ముఖం మండుతోందా? ముందు ట్యూబు వెనక్కి తిప్పి చదవండి

ముఖానికి ఏదో పడలేదనిపించగానే చాలామంది ఇంకో క్రీము కొంటారు. అలా చేస్తే పడనిది ఏదో ఎప్పటికీ తేలదు. ఇబ్బంది ఎక్కడ మొదలైంది, ఎన్నాళ్లకు మొదలైంది, క్రీము మానితే ఏమైంది అని చూస్తే కారణం చాలావరకు దొరికిపోతుంది.

రాస్తే తేట, మానితే మంట

వారం పది రోజుల్లోనే ముఖం తేటపడుతుంది, మంగు పలచబడుతుంది. రెండు రోజులు మానగానే ఎర్రబడి మండుతుంది, మొటిమల్లాంటి పొక్కులు లేస్తాయి. మళ్లీ రాస్తే తగ్గుతుంది. నెలలు గడిచేకొద్దీ బుగ్గల మీద దారాల్లా సన్నని ఎర్రగీతలు కనిపిస్తాయి, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతాయి, పొయ్యి దగ్గర నిలబడినా ముఖం భగ్గుమంటుంది.

ఇది క్రీములో ఉన్న స్టిరాయిడ్ (వాపు, ఎరుపు అణచే మందు) పని. అది రక్తనాళాలను బిగిస్తుంది కాబట్టి మొదట్లో ముఖం తెల్లబడినట్టుంటుంది, లోలోపల మాత్రం చర్మం పలచబడుతూ ఉంటుంది. రాయడం మానగానే బిగిసిన నాళాలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. ఆ ఎరుపు చూసి క్రీము మానడం వల్లే ముఖం పాడైందనుకుని మళ్లీ ట్యూబు తీస్తారు. ఉచ్చు బిగిసేది అక్కడే.

ట్యూబు మీద బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసోల్, ఫ్లుఓసినోలోన్ పేర్లు వెతకండి. నిలువు ఎర్రగీత ఉంటే అది డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందు. 2018లో కేంద్రం 14 రకాల పైపూత స్టిరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో చేర్చింది. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్ కలిపిన ట్యూబు మంగుకి కొన్ని వారాలపాటు డాక్టరు రాసే మందే తప్ప రోజూ వాడే ఫెయిర్‌నెస్ క్రీము కాదు. హైడ్రోక్వినోన్‌ని ఏళ్ల తరబడి రాస్తే బుగ్గల మీద నీలం కలిసిన నల్లమచ్చలు దిగుతాయి, అవి వదలడం చాలా కష్టం.

నెలల తరబడి రాసినవాళ్లు ఉన్నపళంగా మానకుండా, ఆ ట్యూబు పట్టుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. వాళ్లు తక్కువ బలమున్న దానికి దించుతారు, రోజు విడిచి రోజు చేస్తారు, లేదా టాక్రోలిమస్ వంటి స్టిరాయిడ్ కాని పూత ఇస్తారు. ఈలోగా స్క్రబ్, సీరమ్, ఫేషియల్, బ్లీచ్ అన్నీ ఆపండి. మామూలు నీళ్లతో కడిగి, చల్లటి తడిగుడ్డ 10 నిమిషాలు వేసి, వాసన లేని మాయిశ్చరైజర్ గానీ పెట్రోలియం జెల్లీ గానీ పలచగా రాయండి. నిమ్మరసం, శనగపిండి నలుగు ఈ సమయంలో అస్సలు వద్దు. మామూలు చర్మం రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మధ్యలో మంట ఎక్కువైన రోజున పాత ట్యూబు తియ్యకుండా ఉండగలిగితే సగం గెలిచినట్టే.

ముఖం తెల్లబడింది, కాళ్లు వాచాయి

పొద్దున్నే కనురెప్పలు ఉబ్బి, మూత్రం నురగగా పోతూ, సాయంత్రానికి చెప్పులు బిగుతైతే చర్మం సంగతి పక్కనపెట్టండి. లేబులు సరిగా లేని ఫెయిర్‌నెస్ క్రీముల్లో పాదరసం ఉండవచ్చు. అది చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని అడ్డుకుని తెల్లబరుస్తుంది, చర్మం గుండా ఒంట్లోకి చేరి కిడ్నీ వడపోతను దెబ్బతీస్తుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కిడ్నీ వైద్యులు ఇలాంటి కేసులను వరుసగా పట్టుకున్నారు.

క్రీము ఆ రోజే ఆపండి. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ మామూలుగా ఉందని సరిపెట్టుకోవద్దు, మొదట్లో అది మామూలుగానే ఉండవచ్చు. మూత్రంలో ప్రొటీన్, పాదరసం ఎంతున్నాయో చూడమని అడగండి. డబ్బాని గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి డాక్టరుకి చూపించండి, కాల్చవద్దు. తువ్వాళ్లు, దిండు గలీబులు విడిగా ఉతకండి. పాదరసం వాటి ద్వారా పిల్లలకూ అంటుతుంది.

మన దేశంలో మామూలు కాస్మెటిక్స్‌లో పొరపాటున చేరే పాదరసం కూడా పది లక్షల్లో 1 వంతు దాటకూడదు. దిగుమతి చేసిన డబ్బా మీద రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతిదారు పేరు ఉండాలి. వెండి, బంగారు నగలకు తగలనివ్వొద్దని రాసి ఉంటే ఆ డబ్బా ముట్టుకోవద్దు.

బొట్టుబిళ్ల పెట్టేచోట తెల్లమచ్చ

మచ్చ సరిగ్గా బిళ్లంత గుండ్రంగా ఉంటే ముందుగా జిగురును అనుమానించండి. అందులోని పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ రంగునిచ్చే కణాలను చంపుతుంది. దురద లేకుండానే మచ్చ రావచ్చు. కంపెనీ మారిస్తే లాభం లేదు, అన్ని రకాల స్టిక్కర్లూ మానాలి. చెప్పుల జిగురులోనూ ఇదే రసాయనం ఉండవచ్చు కాబట్టి పాదం మీద పట్టీ ఆనే చోటు కూడా చూసుకోండి. తొందరగా చూపించుకుంటే రంగు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. బిళ్ల తగలని చోట్లా మచ్చలు వస్తుంటే అది బొల్లి కావచ్చు.

కనురెప్పలు వాచి దురద

ముఖానికి రాసినదే కారణం కానక్కర్లేదు. గోళ్ల రంగు చేతుల ద్వారా రెప్పలకు అంటుతుంది. తలకు వేసే రంగులోని పీపీడీ అనే రసాయనం పడకపోతే మాడు కంటే ముందు నుదురు, చెవులు, రెప్పలే ఉబ్బుతాయి. ఊపిరాడకపోయినా, పెదవులు వాచినా నేరుగా ఆసుపత్రికే.

ముడతలకు రాసే రెటినాల్ క్రీము వల్ల పొట్టు లేస్తే అది చాలావరకు మోతాదు తప్పే: వారానికి 2 రాత్రులు, ముఖమంతటికీ బఠాణీ గింజంత చాలు. గర్భిణులు అసలు వాడకూడదు.

కొత్త క్రీమును ఒక్క రాత్రి రాసి తేల్చుకోలేరు. అలర్జీ బయటపడటానికి 2 నుంచి 4 రోజులు పడుతుంది. మోచేతి మడతలో రూపాయి బిళ్లంత చోట, రోజుకు రెండుసార్లు, 7 రోజులు రాయండి. దురద మొదలైన రోజే ఆపి, పదార్థాల పట్టికను ఫొటో తీసి ఉంచుకోండి. చర్మవైద్యులు ఏది పడదో తేల్చడానికి వీపు మీద ప్యాచ్ టెస్టు (అనుమానమున్న పదార్థాలను పట్టీలతో అంటించి చూసే పరీక్ష) చేయాల్సి వస్తే మొదట అడిగేది దాన్నే.