పాత కారు ముందు సస్పెన్షన్, మూడో పాఠం: మొండికేసిన బాల్ జాయింటును ఊడదీయడం

పోయిన పాఠంలో బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రం తీసి, ఏ భాగం పేరేమిటో గుర్తుపట్టాం. ఈసారి సుత్తి పడతాం. పైనున్న బాల్ జాయింటును (గిన్నెలో బంతిలా తిరిగే కీలు), ఆ తర్వాత స్టీరింగు టై రాడ్ ఎండును (చక్రాన్ని తిప్పే కడ్డీ చివరి కీలు) వాటి కళ్లలోంచి, అంటే కాడ దూరి కూర్చునే రంధ్రాల్లోంచి, బయటికి రప్పించాలి.

మన పాఠాల బండి స్టాండర్డ్ హెరాల్డే. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్‌గా వచ్చింది, 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ పేరుతో తయారైంది. నేర్చుకునేవాళ్లకు ఇంత వీలైన బండి అరుదు. బానెట్టు మడ్‌గార్డులతో సహా ముందుకు లేస్తుంది కాబట్టి సస్పెన్షన్ అంతా కళ్ల ముందే ఉంటుంది. సుత్తి ఊపడానికి చోటుంటుంది. ముందు టైరు మీదే కూర్చుని కొన్ని పనులు చేసుకోవచ్చు.

నట్టు ఊడినా జాయింటు ఎందుకు రాదు?

బాల్ జాయింటు కాడ గుండ్రంగా ఉంటుంది గానీ తిన్నగా ఉండదు, కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. దీన్నే టేపరు అంటారు. ఇలాంటి వాటిలో ఎక్కువగా కనబడే వాలు 8కి 1. అంటే 8 మిల్లీమీటర్ల పొడవులో వ్యాసం 1 మిల్లీమీటరు తగ్గుతుంది. లెక్క వేస్తే మొత్తం కోణం 7 డిగ్రీల పైచిలుకు, ఒక్కో పక్క మూడున్నర. పొడిగా ఉన్న ఉక్కు మీద ఉక్కు తనంతట తాను జారాలంటే కనీసం 8 డిగ్రీల వాలు కావాలి. మూడున్నర దగ్గర జారే ప్రశ్నే లేదు. గొడ్డలి కంట్లో కామ బిగిసినట్టే, ఒకసారి దిగితే దిగినట్టే. నట్టు పని దాన్ని లోపలికి లాగడం వరకే. కాబట్టి నట్టు తీశాక కూడా జాయింటు కదలకపోతే కంగారు పడకండి. దాన్ని తయారు చేసిందే అలా పట్టుకోవడానికి. తుప్పు ఆ పట్టును ఇంకాస్త పెంచుతుంది, అంతే.

ఇది అర్థమైతే పని సగం అయినట్టే. కాడ కొసను కింద నుంచి సుత్తితో బాదితే మరలు పుట్టగొడుగులా విచ్చుకుంటాయి, ఆ దెబ్బంతా పైకి పోయి బంతి కూర్చున్న గిన్నెను పాడుచేస్తుంది. మనకు కావలసింది ఒకేసారి రెండు: కాడను బయటికి తోసే ఒత్తిడి, కన్ను పక్కన పడే ఒక గట్టి దెబ్బ. ఆ దెబ్బకు కన్ను రెప్పపాటు కాలం కోలగా మారుతుంది, పట్టు వదులుతుంది. అప్పటికే ఎదురుచూస్తున్న ఒత్తిడి కాడను బయటికి నెట్టేస్తుంది.

ముందు స్ప్రింగు సంగతి

నట్టు మీద పానా పెట్టే ముందు, మీ బండి ఏదైనా సరే, ఒక ప్రశ్నకు జవాబు తెలిసి ఉండాలి: స్ప్రింగు ఎక్కడ ఆనుకుని ఉంది? హెరాల్డ్‌లో స్ప్రింగు షాక్ అబ్జార్బరు చుట్టూ ఉంటుంది. దాని అడుగు కింది విష్‌బోనుకు (చక్రాన్ని పట్టుకునే రెండు చేతుల ఆర్ము), పైభాగం ఛాసిస్‌కు బిగించి ఉంటాయి. చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు షాక్ అబ్జార్బరు పూర్తిగా సాగి స్ప్రింగును తానే ఆపుతుంది. అందుకే పై జాయింటు మీద బరువుండదు. అన్ని కార్లూ ఇలా ఉండవు. పాత మినీలో రబ్బరు కోను పై ఆర్మును ఎప్పుడూ నొక్కుతూనే ఉంటుంది. 1965 నాటి ఫోర్డ్ మస్టాంగ్‌లో కాయిల్ స్ప్రింగు పై ఆర్ము నెత్తినే కూర్చుని ఉంటుంది. అలాంటివాటిలో స్ప్రింగును ముందుగా కట్టడి చేయకుండా జాయింటు విడదీస్తే ఆర్ము తుపాకీ గుండులా తన్నుతుంది, ప్రాణాలు పోతాయి. హెరాల్డ్‌లో కూడా షాక్ అబ్జార్బరు పాతదే కదా, దాన్ని పూర్తిగా నమ్మకండి. కింది విష్‌బోను అడుగున ఒక జాకీని ఆనీ ఆననట్టు పెట్టి ఉంచండి.

పని

ముందురోజు సాయంత్రమే మరలను వైరు బ్రష్షుతో బాగా రుద్ది, తుప్పు వదిలించే నూనె కొట్టండి. ఆ నూనె టేపరు లోపలికి దిగేది చాలా తక్కువ, అది పనికొచ్చేది ముఖ్యంగా నట్టుకే. పానాలు అంగుళాల కొలతవి ఉండాలి. ఉదాహరణకు 9/16 నట్టుకు 14 ఎంఎం పానా ఎక్కదు, 15 పెడితే వదులుగా తిరిగి మూలలు అరిగిపోతాయి. చాలా షెడ్లలో పాత బండ్ల నట్లు గుండ్రంగా మారింది ఇలాగే.

నట్టును పూర్తిగా తీయకండి. దాని ముఖం కాడ కొసతో సమానమయ్యేదాకా విప్పి ఆపండి. దీనివల్ల సెపరేటరు (జాయింటును విడదీసే పనిముట్టు) నొక్కినప్పుడు మరలు నలగవు, జాయింటు ఒక్కసారిగా ఊడినా నట్టు దగ్గర ఆగిపోతుంది.

సెపరేటర్లలో ఫోర్కు రకం ఒకటుంది. మధ్యలో దూర్చి సుత్తితో కొట్టేది. పని త్వరగా అవుతుంది గానీ జాయింటు మీది రబ్బరు బూటు (తొడుగు) చిరిగిపోవడం దాదాపు ఖాయం. జాయింటు పారేసేదైతేనే దాన్ని వాడండి. మరతో బిగించే దవడల రకం కొనుక్కోవడం మేలు. ఒక దవడ కన్నుకూ బూటుకూ మధ్య దూరాలి, రెండోది కాడ కొసను నొక్కాలి. బూటు నలగకుండా చూసుకుంటూ, బోల్టు గట్టిపడి ఇంకో పావు చుట్టు తిరిగేదాకా బిగించండి. బిగింపు ఒక్కదానితోనే ఊడదీయాలని చూస్తే సెపరేటరే విరుగుతుంది.

ఇప్పుడు కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి. వర్టికల్ లింకు (పై, కింది విష్‌బోనుల మధ్య నిలువుగా ఉండే ఉక్కు భాగం) కన్నుకు ఒక పక్క బరువైన సుత్తిని దాగలిలా ఆనించి పట్టుకుని, సరిగ్గా ఎదుటి పక్క ఒక కిలో సుత్తితో కొట్టండి. దెబ్బ పడాల్సింది కన్ను చుట్టూ ఉన్న మందపాటి ఉక్కు మీద. మరల మీద, బూటు మీద పడకూడదు. భయపడుతూ ఇరవై సార్లు తట్టడం కన్నా గట్టిగా రెండు దెబ్బలు వేయడం నయం. పట్టు వదిలితే తెలియకపోవడం అంటూ ఉండదు: ఫట్‌మని పెద్ద చప్పుడు, సెపరేటరు ఒక్కసారిగా వదులవుతుంది. మొదటిసారి గుండె జారుతుంది, ఫర్వాలేదు.

రాకపోతే ఇంకాస్త బిగించి, దెబ్బ వేసే దిక్కు మార్చండి. అప్పటికీ రాకపోతే హెరాల్డ్‌లో ఒక వెసులుబాటు ఉంది. బాల్ జాయింటు ఇల్లు పై విష్‌బోను చేతుల మధ్య రెండు బోల్టులతో బిగించి ఉంటుంది. ఆ రెండూ తీసేస్తే జాయింటు లింకు నెత్తిన ఉండగానే పై విష్‌బోను నుంచి విడిపోతుంది. అప్పుడు పైనుంచి కూడా చెయ్యి ఆడుతుంది.

గ్యాసు మంట పెడదామని పక్కన ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వర్టికల్ లింకు ఫోర్జింగు చేసిన ఉక్కు, ఎర్రగా కాలిస్తే దాని గట్టిదనం దెబ్బతింటుంది. పక్కనే బ్రేకు గొట్టం, గ్రీజు, రబ్బరు ఉన్నాయి. నా మాట వింటే మంట వద్దు.

ఊడిన తర్వాత

పై ఆధారం పోగానే లింకు, డ్రమ్ము కలిసి బయటికి వాలిపోతాయి. ఆ బరువంతా బ్రేకు గొట్టం మీద పడకుండా ఒక తీగతో పైకి కట్టండి. టేపరును గుడ్డతో తుడిచి, కన్ను లోపల గీతలు, అరుగుదల ఉన్నాయేమో చూడండి. కాడ మీద నిలువుగా నాలుగు మార్కరు గీతలు గీసి, కంట్లో కూర్చోబెట్టి ఒకసారి తిప్పి తీయండి. గీతలు పై నుంచి కింది దాకా చెరిగితే కన్ను బాగున్నట్టు. ఒక్క చోటే చెరిగితే కన్ను అరిగింది, ఎంత బిగించినా నిలవదు.

బిగించేటప్పుడు టేపరుకు గ్రీజు రాయకండి, పొడిగా ఉండాలి. నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండేది) కొత్తది వేయండి. ఒక్కోసారి నట్టుతో పాటు కాడ కూడా తిరుగుతూ ఉంటుంది, ఎంత తిప్పినా నట్టు దిగదు. అప్పుడు జాయింటును పైనుంచి కన్నులోకి గట్టిగా నొక్కి పట్టుకోండి. ఇందాక మనల్ని ఏడిపించిన టేపరే కన్నులో బిగుసుకుని కాడను కదలకుండా పట్టుకుంటుంది.

టై రాడ్ ఎండుదీ ఇదే తంతు, స్టీరింగు ఆర్ము కన్ను చిన్నది కాబట్టి దెబ్బ కూడా చిన్నదే చాలు. స్ప్లిట్ పిన్ను (నట్టు ఊడకుండా రంధ్రంలో దూర్చే పిన్ను) ఉన్న నట్టు అయితే, రంధ్రం కలవడం కోసం వెనక్కి తిప్పకండి, ఇంకా బిగించే దిశలోనే కలపండి.

సాధనకు పాత సామాన్ల కొట్లో ఏ కారుదైనా సరే, స్టీరింగు ఆర్ముతో సహా ఒక టై రాడ్ ఎండు తెచ్చుకోండి. బెంచి వైసులో పట్టించి, బిగిస్తూ ఊడదీస్తూ, దెబ్బ ఎక్కడ పడితే ఊడుతోందో చెయ్యి పట్టుకునేదాకా చేయండి.

వచ్చే పాఠం కింది ట్రనియన్ (వర్టికల్ లింకు అడుగున ఉండే మరల కీలు) గురించి. అక్కడ టేపరు లేదు, మరలున్నాయి, కొట్టే పని లేదు. గ్రీజు పనికిరాదు, ఈపీ 90 గేరు ఆయిలు ఒక సీసా తెచ్చిపెట్టుకోండి.