బరువు, పొడవు, తల: బిడ్డ ఎదుగుదలలో ఏ గీత తగ్గితే మెదడుకు ఏమవుతుంది, ఏం చేయాలి

ముందు టేపు సంగతి చూడండి

ఎదుగుదల లెక్కల్లో మొదటి తప్పు తరచూ టేపులోనే దొరుకుతుంది. దర్జీ వాడే బట్ట టేపు కొన్నాళ్లకు సాగుతుంది, అప్పుడు తల ఉన్నదానికంటే చిన్నగా చూపిస్తుంది. సాగని టేపు తీసుకోండి. ముందు కనుబొమల పైన, పక్కల చెవుల పైన, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోట మీదుగా చుట్టి, జుట్టు అణిగేలా బిగించండి. పిలక, క్లిప్పు ఉంటే తీసేయాలి. మూడుసార్లు కొలిచి పెద్ద అంకె రాసుకోండి. రెండేళ్లలోపు పిల్లల పొడవు పడుకోబెట్టే కొలవాలి. నిలబెడితే సుమారు 0.7 సెం.మీ. తగ్గుతుంది, ఉన్నట్టుండి బిడ్డ కుదించుకుపోయినట్టు కనిపిస్తుంది. బరువు ప్రతిసారీ అదే కాటా మీద, బట్టలు లేకుండా చూడండి.

తల్లీబిడ్డల కార్డులో అబ్బాయికి నీలం, అమ్మాయికి గులాబీ చార్టు ఉంటుంది. చాలాచోట్ల బరువు రాసి పంపేస్తారు. తల చుట్టుకొలత కూడా అడిగి రాయించుకోండి. పుర్రె తనంతట తాను పెరగదు, లోపల మెదడు పెరిగి తోస్తే పెరుగుతుంది. నెలలు నిండిన బిడ్డకు పుట్టినప్పుడు సుమారు 34 సెం.మీ. ఉండే తల, మొదటి మూడు నెలలూ నెలకు 2 సెం.మీ., తర్వాత మూడు నెలలు నెలకు 1, ఆపై ఏడాది వరకు నెలకు అర సెం.మీ. చొప్పున పెరుగుతుంది. ఏడాదికి అబ్బాయి తల 46, అమ్మాయి తల 45 సెం.మీ. దరిదాపుల్లో ఉంటుంది.

ఒక్క అంకెకు కంగారు పడక్కర్లేదు. అమ్మానాన్నలవి చిన్న తలలైతే బిడ్డదీ చిన్నదే కావచ్చు. చూడాల్సింది చార్టులో బిడ్డ గీత తన దారిలో తాను వెళ్తోందా, అచ్చువేసిన పక్క గీతను దాటి కిందికి జారుతోందా అన్నది.

సమస్య: నెలలకు తగ్గట్టు కడుపు పెరగడం లేదు

24 వారాల తర్వాత పొత్తికడుపు కింద ఉండే జఘనపు ఎముక నుంచి గర్భసంచి పైఅంచు దాకా టేపుతో కొలిస్తే, వచ్చిన సెంటీమీటర్లు ఇంచుమించు వారాలతో సమానంగా ఉంటాయి. వారాల అంకె కంటే 3 సెం.మీ. లేదా అంతకు మించి తగ్గితే స్కాన్ చేయించాలి.

మొదట తారీఖు సరిచూడండి. నెలసరి తేదీ తప్పు చెప్పడం వల్ల వచ్చే గందరగోళం చాలా ఎక్కువ. 11-13 వారాల్లో తీసిన స్కాన్ ఉంటే ఆ తేదీనే నమ్మాలి. తారీఖు సరైనదే అయితే అప్పుడు కారణాలు వెతకాలి: బీపీ 140/90 దాటిందా, హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువా, థైరాయిడ్ ఎలా ఉంది, కాన్పుల మధ్య ఎడం చాలకపోయిందా, పొగాకు గానీ కట్టెలపొయ్యి పొగ గానీ ఉందా.

మాయ నుంచి రక్తం చాలనప్పుడు పిండం ఉన్న కాస్తనూ ముందు మెదడుకు మళ్లిస్తుంది. పొట్ట చుట్టుకొలత తగ్గి, తల మామూలుగా ఉంటుంది. ఇది మెదడుకు కొంత రక్షణే, పూర్తి రక్షణ కాదు. అందుకే బొడ్డుతాడు రక్తప్రసరణను డాప్లర్ స్కాన్‌లో పదేపదే చూస్తారు. ఈ దశలో ప్రొటీన్ పౌడర్లు, సెలైన్లు, మంచానికే అంటుకుపోయి ఉండటం బిడ్డను పెంచవు. ఎప్పుడు కాన్పు చేయాలో సరిగ్గా నిర్ణయించడమే అసలు వైద్యం. 34 వారాల లోపే కాన్పు తప్పదనుకుంటే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, 32 వారాల లోపైతే బిడ్డ మెదడును కాపాడేందుకు మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. ఈ సదుపాయం, నవజాత శిశువుల యూనిట్ ఉన్నచోటికి కాన్పుకు ముందే చేరుకోవాలి.

రక్తహీనతే కారణమైతే పరిష్కారం చవక. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. గర్భంలో 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. రక్తహీనత ఉంటే మోతాదు పెంచుతారు. మాత్రలు వేసుకుంటున్నా రక్తం పెరగట్లేదంటే, అన్నం తిని టీ తాగుతూ మాత్ర మింగుతున్నారేమో, కాల్షియంతో కలిపి వేసుకుంటున్నారేమో చూడండి. ఐరన్ మాత్రకూ వాటికీ మధ్య కనీసం రెండు గంటలుండాలి. నిమ్మరసంతో అయితే బాగా ఒంటబడుతుంది. వికారం పెడితే రాత్రి పడుకునే ముందు వేసుకోండి. విరేచనం నల్లగా రావడం మామూలే, దానికి భయపడి మానకండి.

"ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది" అన్న మాట ఇంకా వినిపిస్తోంది. గర్భం రెండో సగంలో రోజుకు సుమారు 350 కేలరీలు అదనంగా కావాలి. మామూలు తిండి మీద ఒక కప్పు పప్పన్నం, ఒక గుడ్డు తింటే ఇంచుమించు సరిపోతుంది.

కొన్ని లోపాలను స్కాన్ చూసే నాటికి సరిదిద్దలేం. వెన్నుపాము, మెదడు తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసి, డాక్టరు దగ్గరికి వెళ్లేసరికే ఆ గడువు అయిపోతుంది. కాబట్టి ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు గర్భానికి కనీసం నెల ముందే మొదలుపెట్టాలి. గతంలో అలాంటి లోపంతో బిడ్డ పుట్టి ఉంటే దానికి పది రెట్లు, డాక్టరు రాస్తేనే. అయోడిన్ మాట కూడా ఇక్కడే చెప్పాలి. పిండం సొంత థైరాయిడ్ సరిగ్గా పనిచేసేదాకా తల్లి హార్మోనే దాని మెదడుకు ఆధారం. ప్యాకెట్ మీద అయోడిన్ అని రాసి ఉన్న ఉప్పే వాడండి, మూత పెట్టి ఉంచండి. విడిగా కొన్న రాళ్ల ఉప్పులో అయోడిన్ ఉంటుందన్న భరోసా లేదు.

సమస్య: బిడ్డ 2.5 కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టింది

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ వేరు, నిండినా చిన్నగా పుట్టిన బిడ్డ వేరు. బరువొక్కటే తగ్గి తల, పొడవు బాగుంటే కడుపులో చివరి నెలల్లో పోషణ చాలలేదని అర్థం. ఇలాంటి పిల్లలు సాధారణంగా త్వరగా కోలుకుంటారు. మూడూ తక్కువైతే, అదీ నెలలు నిండాక, తొలి నెలల్లోనే ఏదో జరిగి ఉండొచ్చు. ఇన్ఫెక్షన్, జన్యులోపాలకు పరీక్షలు కావాలి.

చిన్న బిడ్డకు మొదటి గండం రక్తంలో చక్కెర పడిపోవడం. మెదడుకు చక్కెరే ఇంధనం, దాచుకున్న నిల్వ ఈ బిడ్డల్లో ఉండదు. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టండి, తర్వాత ప్రతి రెండు గంటలకూ నిద్రలేపి అయినా పట్టాలి. పీల్చలేకపోతే పాలు పిండి పాలాడ (ఉగ్గుగిన్నె) లేదా చెంచాతో ఇవ్వాలి. తేనె, చక్కెర నీళ్లు వద్దు.

రెండోది చలి. చల్లబడిన బిడ్డ తాగిన పాలను వేడి పుట్టించుకోవడానికే ఖర్చు చేస్తుంది. కంగారూ సంరక్షణ ఇలా చేయాలి: బిడ్డకు టోపీ, సాక్సులు, లంగోటీ మాత్రమే ఉంచి తల్లి రొమ్ముల మధ్య నిలువుగా, చర్మానికి చర్మం తగిలేలా ఆనించాలి. కాళ్లు కప్పలా మడిచి, తల ఒక పక్కకు తిప్పి, మెడ ముందుకు వంగకుండా కాస్త పైకెత్తి ఉంచాలి. మెడ ముడుచుకుంటే ఊపిరి ఆడదు. మెత్తటి గుడ్డతో కట్టి, ఒకసారి పెట్టాక గంటకు తక్కువ కాకుండా, రోజులో వీలైనన్ని గంటలు, కనీసం ఎనిమిది. తల్లి అలసిపోతే నాన్న, అమ్మమ్మ, నాయనమ్మ అందుకోవచ్చు. బిడ్డ 2.5 కిలోలకు చేరి, తనే కాళ్లు తన్నుతూ బయటికి రావాలని చూసేదాకా సాగించండి.

రోజుకు కిలోకు 15 గ్రాములకు తగ్గకుండా పెరగాలి. 1.8 కిలోల బిడ్డకు ఇది సుమారు 27 గ్రాములు. ఐరన్, విటమిన్ డి చుక్కలు డాక్టరు రాస్తారు. ఐరన్ చుక్కల గాఢత సీసా సీసాకూ మారుతుంది. సీసా మారిస్తే పాత లెక్కన పోయకండి, మళ్లీ అడగండి. నెలలు నిండని బిడ్డలకు కంటి రెటీనా పరీక్ష నాలుగో వారానికల్లా, మరీ చిన్నవాళ్లకు ఇంకా ముందే, వినికిడి పరీక్ష నెలలోపు చేయించాలి.

ఈ పిల్లల వయసు రెండేళ్ల దాకా సరిచేసి లెక్కించండి. 32 వారాలకు పుట్టిన బిడ్డ ఎనిమిది వారాలు ముందొచ్చింది. ఆరు నెలలు నిండినా లెక్కకు నాలుగు నెలల బిడ్డే. ఆ లెక్క తెలియక "ఇంకా కూర్చోదేం" అని అత్తగారు అనడం, తల్లి ఏడవడం మామూలైపోయింది.

సమస్య: పుట్టాక రెండు వారాలైనా పుట్టిన బరువుకు రాలేదు

మొదటి వారంలో పదో వంతు దాకా బరువు తగ్గుతుంది. 10-14 రోజులకు తిరిగి రావాలి, తర్వాత రోజుకు 25-30 గ్రాములు. రాలేదంటే చాలాసార్లు రొమ్ము పట్టు సరిగ్గా లేదు. చనుమొన ఒక్కటే కాక దాని చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలి. రోజుకు 8-12 సార్లు తాగాలి, ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోయాలి. బాలింతకు పథ్యం పేరుతో కారప్పొడి అన్నమే పెడుతుంటే అదీ మార్చండి.

బిడ్డ పసుపుగా మారితే: మొదటి 24 గంటల్లోనే కామెర్లు కనిపించినా, అరచేతులు, అరికాళ్ల దాకా పాకినా, మగతగా ఉండి పాలు మానేసినా అదే రోజు ఆసుపత్రి. ఎండలో పెట్టడం వైద్యం కాదు. కామెర్లలో రక్తంలో పెరిగే పసుపు పదార్థం, బిలిరుబిన్, మెదడులోకి దిగితే వెనక్కి తీయలేం.

బరువు బాగానే ఉండి, మలబద్ధకం, బొంగురు ఏడుపు, నాలుక బయటికి రావడం, ఎప్పుడూ నిద్ర ఉంటే థైరాయిడ్ పరీక్ష. ఈ లక్షణాల కోసం ఎదురుచూడకుండా, పుట్టిన మూడో రోజుకల్లా మడమ నుంచి రక్తం తీయించడం మేలు. రెండు వారాల్లోపు మందు మొదలైతే చాలామంది పిల్లలు మామూలుగానే ఎదుగుతారు.

సమస్య: ఆరు నెలల దాకా బాగుండి, ఆ తర్వాత గీత జారింది

మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఇదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. కారణం ఎక్కువగా జావ. పల్చటి జావతో బిడ్డ పొట్ట నిండుతుంది, శక్తి అందదు. చెంచా వంచితే కారిపోకుండా అంటుకుని ఉండేంత చిక్కగా ఉగ్గు ఉండాలి. మూడు పాళ్లు బియ్యం, ఒక పాలు పెసరపప్పు వేయించి పొడి చేసి ఉడికించండి, గిన్నెకు ఒక చిన్న చెంచా నెయ్యి లేదా నూనె కలపండి. రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, ఎనిమిది నెలలకు 250 మి.లీ. కప్పులో సగం, రోజుకు రెండు మూడుసార్లు. తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగుసార్లు. ఏడాది దాటాక ముప్పావు నుంచి నిండు కప్పు. అంగన్‌వాడీ ఇచ్చే రెండున్నర కిలోల బాలామృతం రోజుకు 100 గ్రాముల చొప్పున ఆ బిడ్డకే. ఇల్లంతా పంచుకుంటే వారానికే అయిపోతుంది.

ఐరన్ కూడా ఇదే వయసులో అడుగంటుతుంది. కడుపులో తెచ్చుకున్న నిల్వ ఆరు నెలలకు అయిపోతుంది. హిమోగ్లోబిన్ తగ్గకముందే మెదడుకు ఐరన్ కొరత తగులుతుంది, ఎందుకంటే శరీరం ఉన్నదాన్ని ముందు రక్తానికే ఇస్తుంది. గుడ్డు, మెత్తగా ఉడికించి చిదిమిన కోడి కార్జం వారానికి రెండుసార్లు, మాంసం తినని ఇళ్లలో పప్పు, ఆకుకూరల మీద నిమ్మరసం. ఏడాదిలోపు ఆవు, గేదె పాలు ప్రధాన ఆహారం కాకూడదు, ఆ తర్వాతా రోజుకు అర లీటరు దాటొద్దు. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, 1 మి.లీ. చొప్పున.

సమస్య: బొద్దుగానే ఉంది, కానీ మబ్బుగా అయిపోయింది

ఇది కళ్లముందే ఉండి తప్పిపోయే జబ్బు. ఎనిమిది, తొమ్మిది నెలల బిడ్డ, తల్లిపాలే తాగుతోంది, బరువు ఫరవాలేదు. జుట్టు పల్చబడి రాగిరంగుకు తిరిగింది. వేళ్ల కణుపుల మీద చర్మం నల్లబడింది. మొన్నటిదాకా నవ్విన బిడ్డ ఇప్పుడు పిలిస్తే చూడదు, కూర్చునేది కూర్చోవడం మానేసింది. కొందరిలో చేతులు, తల వణుకుతాయి. తల్లిని అడిగితే మాంసం, గుడ్డు తినదు, పాలు కూడా అంతంతే. బి12 లోపం. తల్లిలో లేనిది పాలలోకి రాదు.

రక్తపరీక్షకు నమూనా తీసిన వెంటనే డాక్టర్లు బి12 మొదలుపెడతారు, తల్లికి కూడా. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇచ్చి ఊరుకోకూడదు. రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాల నష్టం సాగుతూనే ఉంటుంది. మందు పడ్డ కొన్ని రోజుల్లోనే బిడ్డ కళ్లలో చురుకు తిరిగొస్తుంది. కొందరిలో వణుకు ముందు పెరిగి తర్వాత తగ్గుతుంది, మందు పడలేదని ఆపేయొద్దు.

సమస్య: తల ఒక్కటే దారి తప్పింది

గీతలు దాటి వేగంగా పెరుగుతూ, మాడు ఉబ్బి, వాంతులు అవుతుంటే తలలో నీరు చేరుతోందేమో అదే రోజు చూపించాలి. పెరగడం ఆగిపోతే నరాల నిపుణుడికి చూపించాలి. పడుకుని పడుకుని ఒక పక్క చదునైన తలకు మెదడుతో పనిలేదు. మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టండి. నూనె రాసి తల "గుండ్రంగా చేయడం" మాత్రం మానండి.

సమస్య: అన్నీ బాగున్నాయి, మాట రాలేదు

ఏడాదిన్నరకు "అత్త", "తాత" లాంటి ఒక్క మాటా లేకపోతే ముందు చెవి పరీక్ష. వస అరగదీసి నాకిస్తే వసపిట్టలా మాట్లాడుతుందని నమ్మి ఆరు నెలలు పోగొట్టుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మూడు నెలలకూ నవ్వకపోవడం, ఐదు నెలలకూ మెడ నిలపకపోవడం, తొమ్మిదికి కూర్చోకపోవడం, ఏడాదిన్నరకు నడవకపోవడం, ఏడాదిలోపే ఒక చేయి మాత్రమే వాడటం, వచ్చింది పోవడం: ఇవేవి కనిపించినా జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి తీసుకెళ్లండి. పిల్లలకు అక్కడ ఉచితం.

సమస్య: ఇప్పుడు బాగా తింటోంది, కానీ వెనకబడే ఉంది

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ పరిసరాల్లో 1991-92లో నెలలు నిండి పుట్టిన పిల్లల తలలను పుట్టుక నుంచి ఎనిమిదేళ్ల దాకా కొలిస్తే, కడుపులోనూ మొదటి ఏడాదిలోనూ పెరిగిన మేరే తర్వాతి తెలివితేటలతో ముడిపడింది. ఆ తర్వాతి పెరుగుదల లోటును అంతగా పూడ్చలేదు. ఇది గుంపు సగటు, మీ బిడ్డ జాతకం కాదు. నెదర్లాండ్స్‌లో 1944-45 శీతాకాలపు కరువులో కడుపులో ఉన్న డచ్ కుర్రాళ్లను 19 ఏళ్లకు పరీక్షిస్తే తెలివిలో తేడా కనిపించలేదు. వాళ్లకు పుట్టాక తిండి దొరికింది.

తిండి ఒక్కటే చాలదని చూపింది జమైకా. కింగ్‌స్టన్‌లో ఎత్తు పెరగని 129 మంది పసిపిల్లలకు 1980ల్లో రెండేళ్లపాటు కొందరికి పాలపొడి ఆహారం, కొందరికి వారానికో గంట ఇంటికొచ్చి తల్లితో కలిసి ఆడించడం, కొందరికి రెండూ ఇచ్చారు. రెండూ అందినవాళ్లే ఆ రెండేళ్లలో ఎక్కువ ముందుకొచ్చారు. పెద్దయ్యాక కూడా నిలిచింది మాత్రం ఆట వల్ల వచ్చిన లాభం. బొమ్మలు కొననక్కర్లేదు. మూత, గిన్నె, గరిటె, ఖాళీ డబ్బా చాలు. వస్తువు పేరు చెప్పి చేతికివ్వండి, బిడ్డ చేసిన చప్పుడుకు బదులు చప్పుడు చేయండి, దాచి వెతికించండి. తినిపించేటప్పుడు ఫోను పక్కన పెట్టి ముద్ద ముద్దకూ మాట్లాడండి.

మార్పు వచ్చే వేగం వేరువేరుగా ఉంటుంది. వైద్యం మోతాదులో ఐరన్ మొదలైన నెలకు హిమోగ్లోబిన్ 1 గ్రాము పెరగాలి. పెరగకపోతే మోతాదు, పాలు-టీ అలవాటు చూసి, తలసీమియా (వంశపారంపర్య రక్తవ్యాధి) పరీక్ష అడగండి. బరువు రెండు వారాల్లో తెలుస్తుంది, పొడవు తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. తల మాత్రం రెండో ఏడాది మొత్తానికి 2 సెం.మీ. పైచిలుకే పెరుగుతుంది. ఆ వయసులో మూడు నెలలకోసారి కొలవండి, వారం వారం కొలిస్తే టేపు తేడాలే కనిపిస్తాయి.