ఒడిశా తెలుగోళ్ళకి ఓరియెంటేషన్ తలనొప్పులు: సమస్య, కారణం, పరిష్కారం

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి మన పిల్లలు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకో విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకో వెళ్తుంటారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే కదా చుట్టాలూరు వెళ్తున్నట్టే అనుకుని బయల్దేరిపోతారు. మాట వరకు నిజమే. కాగితాల దగ్గరకొచ్చేసరికి మాత్రం మీరు పక్కా ఒడిశా వాళ్ళు, అక్కడి ఆఫీసులో అలాగే చూస్తారు. ఈ ఒక్క ముక్క ఇంటి దగ్గరే బుర్రకెక్కితే ఓరియెంటేషన్‌కి, అంటే కొత్తగా చేరినవాళ్ళకి పెట్టే పరిచయ కార్యక్రమానికి, వెళ్ళినప్పుడు కౌంటర్ దగ్గర చాలా తిరుగుడు తప్పుతుంది తమ్ముళ్ళూ.

సమస్య: వెరిఫికేషన్‌లో "పేరు మ్యాచ్ అవ్వట్లేదు" అని పక్కన కూర్చోబెట్టారు

ఇది మనోళ్ళ సొంత జబ్బు. ఒడియాలో వ వచ్చిన చోట బ రాసేయడం మామూలే కాబట్టి స్కూల్లో చేర్చినప్పుడు వెంకటేష్ అని చెప్తే రిజిస్టర్లో బెంకటేష్ అయిపోతాడు, వాసు కాస్తా బాసు అవుతాడు, తర్వాత దాన్నే ఇంగ్లీషులో కూడా దించేస్తారు. దానికి తోడు ఇంటిపేరు గోల ఒకటి, మనం ముందు పెట్టుకుంటాం, స్కూల్లో చివర రాస్తారు, ఆధార్‌లో చూస్తే ఒక్క అక్షరమే ఉంటుంది. అలా టెన్త్ సర్టిఫికెట్లో ఒక పేరు, ఆధార్‌లో ఇంకోటి, ఎంట్రన్స్ అప్లికేషన్‌లో మూడోది తయారవుతుంది.

ఏం చెయ్యాలంటే, టెన్త్ సర్టిఫికెట్‌నే మూలం అనుకోండి, మిగతావన్నీ దానికి సరిపోయేలా మార్చుకోండి. ఆధార్ మార్చడం తేలికే గానీ పేరు జన్మలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ అయితే ఒక్కసారే, కాబట్టి సెంటర్లో వాడు టైప్ చేసింది అక్షరం అక్షరం చూసి గానీ ఓకే అనొద్దు. టెన్త్‌లోనే తప్పుంటే స్కూలు ద్వారా కటక్ బోర్డుకి పెట్టాలి, అది ఓరియెంటేషన్ లోపు తేలే పని కాదు. అందాకా "ఈ రెండు పేర్లూ నావే" అని నోటరీ అఫిడవిట్ చేయించి, అది చాలుతుందా అని అడ్మిషన్ సెక్షన్‌కి ముందే మెయిల్ కొట్టండి, వాళ్ళ జవాబు ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి. నాన్న పేరు స్పెల్లింగ్ కూడా చూడండి, దాన్ని ఎవరూ పట్టించుకోరు, ఇరుక్కునేది అక్కడే.

సమస్య: ఓబీసీలో సీటొచ్చింది, సర్టిఫికెట్ చెల్లదంటున్నారు

కారణం రెండు రకాలు. ఒకటి, మన తహసీల్ ఆఫీసులో మామూలుగా ఇచ్చేది ఎస్ఈబీసీ (సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన తరగతుల) సర్టిఫికెట్, అది ఒడిశా ప్రభుత్వం పనులకే. సెంట్రల్ యూనివర్సిటీకి కావాల్సింది సెంట్రల్ ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్, అంటే ఓబీసీల్లో బాగా ఉన్నోళ్ళ కోవలోకి రారని చెప్పే సర్టిఫికెట్. రెండోది ఇంకా గట్టి దెబ్బ, శ్రీకాకుళంలో మావయ్యోళ్ళు బీసీ-డి కదా మనమూ అంతే అనుకోవడం. సెంట్రల్ ఓబీసీ లిస్టు రాష్ట్రానికో రకంగా ఉంటుంది, అక్కడున్న కులం ఇక్కడ లిస్టులో లేకపోవచ్చు, మీకు లెక్కలోకొచ్చేది ఒడిశా లిస్టే.

కాబట్టి ముందు జాతీయ బీసీ కమిషన్ సైట్‌లో ఒడిశా లిస్టు తెరిచి మీ కులం పేరు వెతకండి. ఉంటే తహసీల్‌లో సెంట్రల్ ఓబీసీకని స్పష్టంగా చెప్పి అప్లై చెయ్యండి, యూనివర్సిటీ పెట్టిన నమూనా ప్రింట్ తీసుకెళ్తే గుమస్తాకి కూడా గొడవ ఉండదు. పాతది పట్టుకెళ్ళొద్దు, ఏ తేదీ తర్వాత ఇచ్చింది కావాలో నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. లిస్టులో లేకపోతే అప్లికేషన్‌లో ఓబీసీ అని టిక్ పెట్టకపోవడమే మంచిది, సీటొచ్చాక పోతే ఆ బాధ వేరు. ఆంధ్రా యూనివర్సిటీ లాంటి స్టేట్ యూనివర్సిటీలో అయితే ఒడిశా సర్టిఫికెట్‌తో అక్కడి బీసీ రిజర్వేషన్ ఆశించకండి.

స్కాలర్‌షిప్‌దీ ఇదే కథ. తెలంగాణ ప్రభుత్వ స్కాలర్‌షిప్ సైట్ ఈ-పాస్‌లో ట్రై చేసి రావట్లేదని ఏడుస్తారు, రాదు మరి. ఎస్సీ ఎస్టీలకి టెన్త్ తర్వాత చదువుకిచ్చే పోస్ట్ మెట్రిక్ డబ్బు ఎక్కడ చదివినా సొంత రాష్ట్రమే ఇస్తుంది కాబట్టి ఒడిశా స్టేట్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే పెట్టాలి. రెసిడెంట్ సర్టిఫికెట్, ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఊళ్ళో ఉండగానే తీసుకోండి, ఆధార్ లింకైన బ్యాంకు ఖాతా ఉందో లేదో కూడా చూసుకోండి.

సమస్య: అందరికీ ఓరియెంటేషన్ మెసేజ్ వచ్చింది, నాకు రాలేదు

అప్లికేషన్ నింపింది నెట్ సెంటర్ వాడు, మెయిల్ కూడా వాడిదే కొట్టేశాడు. ఈ రోజే వెళ్ళి ఆ మెయిల్, పాస్‌వర్డ్ రాయించుకోండి, తర్వాత లాగిన్ అయ్యి మీ మెయిల్, మీ నంబర్ పెట్టండి, పోర్టల్ మార్చనివ్వకపోతే అప్లికేషన్ నంబర్ వేసి అడ్మిషన్ వాళ్ళకి రాయండి.

సమస్య: టికెట్ వెయిటింగ్ లిస్టులో ఉండిపోయింది

రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, మన అడ్మిషన్ లిస్టు చూస్తే చివర్లో గానీ రాదు, పైగా జూన్-జూలైలో రథయాత్ర రద్దీ. బరంపురంలో ఫలక్‌నుమా, ఈస్ట్ కోస్ట్, విశాఖ, కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లు నాలుగూ ఆగుతాయి కాబట్టి ఒక్కదానికే అతుక్కోకండి. పర్లాకిమిడి వాళ్ళు పలాస, రాయగడ వాళ్ళు విజయనగరం వచ్చి ఎక్కడం బెటర్. సికింద్రాబాద్‌లో దిగాక లగేజీతో ఆటో బేరం ఎందుకు, ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో లింగంపల్లి పోతే సెంట్రల్ యూనివర్సిటీ దగ్గరే. ఒక రోజు ముందు చేరండి, హాస్టల్ రూమ్ అదే రోజు ఇస్తారన్న గ్యారంటీ లేదు కాబట్టి రాత్రికి ఎక్కడుంటారో చూసుకుని వెళ్ళండి.

సమస్య: ఓరియెంటేషన్‌లో కూర్చున్నా ఏటీ బోధపడలేదు

పెద్ద హాల్లో దీపం వెలిగించి ఇచ్చే స్పీచ్‌లు అర్థం కాకపోయినా కొంప మునగదు. అసలు సరుకంతా తర్వాత డిపార్ట్‌మెంట్‌లో పెట్టే మీటింగ్‌లో ఉంటుంది, జనం ఆకలేసి దాన్నే ఎగ్గొడతారు. అక్కడ అడగాల్సినవి: ఏ ఎలెక్టివ్ ఎప్పటిలోగా ఎంచుకోవాలి, ఎన్ని క్రెడిట్లు, హాజరు ఎంత ఉండాలి. థియరీలో ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌కి 15 గంటల క్లాసు, ల్యాబ్ అయితే 30 గంటలు, ఈ లెక్క తెలిస్తే టైమ్‌టేబుల్ బరువు మీకే తెలుస్తుంది. ఏబీసీ ఐడీ (మీ క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నంబర్) అడిగితే డిజిలాకర్‌లో పది నిమిషాల పని.

యాంటీ ర్యాగింగ్ అండర్‌టేకింగ్ (ర్యాగింగ్ చెయ్యనని ఇచ్చే హామీపత్రం) మీది ఒక్కటే సరిపోదు, అమ్మో నాన్నో ఇచ్చేది కూడా కావాలి, వాళ్ళు ఊళ్ళో ఉండగానే పూర్తి చేయించండి. మన యాస విని ఎవడైనా వెక్కిరిస్తే నవ్వి ఊరుకోవచ్చు, అది దాటి రాత్రిళ్ళు రూముకి పిలిచి సతాయిస్తే మాత్రం యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522కి ఫోన్ కొట్టండి, ఇరవై నాలుగు గంటలూ ఎత్తుతారు.