ఆయిల్, గ్యాస్ రంగంలో పై స్థాయికి వెళ్లాలనుకునే అమ్మాయిలకు

మా అక్క కూతురు విశాఖ ఐఐపీఈలో పెట్రోలియం ఇంజినీరింగ్ చివరి ఏడాది చదువుతోంది. దానికి ఒకేసారి రెండు ఉద్యోగాలొచ్చాయి. ఒకటి బావుల దగ్గర ఫీల్డ్ ఇంజినీరు పని, ఏ దేశం పంపుతారో ఎప్పుడు పంపుతారో ఇప్పుడే చెప్పలేమన్నారట. ఇంకోటి హైదరాబాద్‌లో ఏసీ ఆఫీసు, బావుల డేటా చూసి రిపోర్టులు రాయడం. జీతం రెండోదాంట్లోనే కాస్త ఎక్కువ, బావగారు కూడా దాన్నే తీసుకోమంటున్నారు. "పిన్నీ, ఎప్పటికైనా ఒక దేశంలో కంపెనీ వ్యాపారమంతా నేనే చూసుకోవాలి, అలా వెళ్లాలంటే ఏది తీసుకోవాలి?" అని అడిగింది. నేను రాజమండ్రి చుట్టుపక్కల బావుల దగ్గర మొదలుపెట్టి, గల్ఫ్‌లో ప్లాంట్లు చూసి, ఇప్పుడు గ్యాస్ కాంట్రాక్టుల్లో పనిచేస్తున్నాను. దానికి చెప్పిందే ఇంకాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను, ఇదే ప్రశ్న చాలామంది అమ్మాయిల్లో ఉందని తెలుసు కాబట్టి.

ఫీల్డ్ తీసుకోండి. మొదటి నాలుగైదేళ్లు బావి దగ్గరో, ప్లాంటులోనో, రిఫైనరీలోనో ఉండండి. విక్కీ హోలబ్ అలబామా యూనివర్సిటీలో మినరల్ ఇంజినీరింగ్ చదివి, 1980ల మొదట్లో బావులు తవ్వే రిగ్గుల మీద పనితో మొదలుపెట్టారు. రష్యా, వెనిజులా, ఈక్వడార్ ప్రాజెక్టుల్లో పనిచేశారు, 2016లో ఆక్సిడెంటల్ సీఈవో అయ్యారు. అమెరికాలో ఒక పెద్ద ఆయిల్ కంపెనీకి మహిళ సీఈవో కావడం అదే మొదటిసారి. ఫ్రాన్స్ గ్యాస్, కరెంటు కంపెనీ ఎంజీని 2021 నుంచి నడుపుతున్న కేథరిన్ మెక్‌గ్రెగర్ 1995లో ఆయిల్ బావులకి సర్వీసులిచ్చే ష్లంబర్జేలో ఫీల్డ్ ఇంజినీరుగా చేరి, అక్కడే 23 ఏళ్లు పనిచేశారు. బ్రెజిల్‌లో గ్రాసా ఫోస్టర్ 1978లో ఆయిల్ కంపెనీ పెట్రోబ్రాస్‌లో ఇంటర్న్‌గా చేరారు, 2012లో అదే కంపెనీకి అధిపతి అయ్యారు. రియో మురికివాడలో పెరిగిన ఆమె చిన్నప్పుడు పాత కాగితాలూ డబ్బాలూ ఏరి అమ్మి స్కూలు పుస్తకాలు కొనుక్కునేవారు.

పైకి వెళ్లాక మీ కింద పనిచేసే డ్రిల్లర్లు, ఆపరేటర్లు చెప్పేదాంట్లో ఏది నిజమైన ఇబ్బందో ఏది సాకో పసిగట్టగలగాలి, అది పుస్తకాల్లో దొరకదు. బావిలో డ్రిల్లింగ్ పైప్ ఇరుక్కుపోతే రోజుకి ఎంత డబ్బు పోతుందో, రాత్రి రెండు గంటలకి ఏం చేయాలో డెసిషన్ తీసుకునే మనిషి మొహం ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూసి ఉండాలి.

ఇండియాలో మన ముందు తరం ఆడవాళ్లకి ఆ అవకాశం తక్కువగా దొరకడానికి చట్టం కూడా ఒక కారణం. 1952 నాటి గనుల చట్టం లెక్కలో ఆయిల్ బావులు కూడా గనులే అయ్యేవి. దాని 46వ సెక్షన్ ఆడవాళ్లను ఉదయం 6 నుంచి రాత్రి 7 లోపే పనిచేయనిచ్చేది. రిగ్ 24 గంటలూ నడుస్తుంది, మరి సగం రోజే ఉండగలిగిన వాళ్లకి షిఫ్ట్ బాధ్యత ఎవరిస్తారు? 2019లో రాతపూర్వక సమ్మతితో రాత్రి షిఫ్టులకి దారి తెరిచారు. కాబట్టి "ఇది మగవాళ్ల పని, మా రోజుల్లో ఎవరూ చేయలేదు" అని ఎవరైనా అంటే, చేయనివ్వలేదని చెప్పండి.

ఫీల్డ్‌లో ఉన్నన్నాళ్లూ అన్నిటికంటే శ్రద్ధగా నేర్చుకోవాల్సింది షిఫ్ట్ హ్యాండోవర్, అంటే దిగిపోయే షిఫ్ట్ వచ్చే షిఫ్ట్‌కి పని అప్పగించడం. 1988 జులై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా ఆయిల్ ప్లాట్‌ఫామ్ మీద 167 మంది చనిపోయారు. ఒక పంపు నుంచి సేఫ్టీ వాల్వ్ రిపేరుకని తీసి, ఆ ఖాళీని తాత్కాలికంగా మూసి ఉంచారు. ఆ సంగతి రాత్రి షిఫ్ట్‌కి సరిగ్గా చేరలేదు. రెండో పంపు ఆగిపోగానే మొదటిది స్టార్ట్ చేశారు, గ్యాస్ లీకై అంటుకుంది. ఇది చదివిన దగ్గర్నుంచి నేను కంట్రోల్ రూమ్‌లో కాగితం అందుకుని సంతకం పెట్టి ఊరుకోలేదు. వెళ్లిపోయే షిఫ్ట్ ఆయన్ని వెంటపెట్టుకుని పంపు దాకా నడిచి, దానికి కట్టిన రిపేరు ట్యాగ్ చేత్తో పట్టుకుని, రిపేరు పర్మిట్ నంబరూ ట్యాగ్ నంబరూ ఒకటేనా అని పైకి చదివేదాన్ని. మొదట్లో విసుక్కునేవాళ్లు. ఒకసారి గల్ఫ్‌లో ఆ రెండు నంబర్లూ కలవలేదు. లైన్‌లో ఇంకా ప్రెజర్ ఉంది, ఇద్దరు ఫిట్టర్లు స్పానర్లతో రెడీగా నిలబడి ఉన్నారు. ఆ తర్వాత నా వెనకాల నడవడానికి ఎవరూ విసుక్కోలేదు. పదేళ్ల తర్వాత నా పేరు ప్రమోషన్‌కి వచ్చినప్పుడు ఆ గదిలో నా గురించి మాట్లాడింది ఆ రాత్రి ఉన్న షిఫ్ట్ సూపర్‌వైజరే.

ఆరేడేళ్లు గడిచాక అసలు మలుపు వస్తుంది, చాలామంది అక్కడే తప్పిపోతారు. పెళ్లో పాపో కారణంగా మేనేజర్ మంచి మనసుతోనే "మీకు ప్లానింగ్‌లో వేస్తాను, హెడ్డాఫీసులో హాయిగా ఉంటుంది" అంటాడు. ఒకటి రెండేళ్లయితే పర్లేదు. అంతకు మించి ఉంటే, రేపు పెద్ద పోస్టు ఇంటర్వ్యూలో "మీరు ఏం నడిపారు?" అంటే చెప్పడానికి ఏమీ ఉండదు. చిన్నదైనా సరే, లాభనష్టాలు మీ పేరు మీదుండే పని అడగండి: ఒక పాత ఆయిల్ ఫీల్డు, ఒక టెర్మినల్, ఒక డిపో.

నాకు మొదట దొరికింది పాత ఫీల్డే, ఎవరికీ అక్కర్లేనిది. పొద్దున్నే ఐదున్నరకి రిపోర్టు వచ్చేది. పాత బావుల్లో వంద బ్యారెళ్లు పైకి వస్తే ఎనభై నీళ్లే కావచ్చు, ఆ నీటిని వేరుచేసి మళ్లీ భూమిలోకి పంపడానికి కరెంటు ఖర్చు, పంపుల ఖర్చు. బ్యారెల్‌కి ఎంత ఖర్చవుతోంది, ఏ బావి మూసేస్తే డబ్బు మిగులుతుంది, మూసేస్తే అక్కడి కాంట్రాక్టు కూలీల సంగతేంటి, ఇవన్నీ ఒకే మనిషి తల మీద. నాకు వ్యాపారం అర్థమైంది అక్కడే.

ఇంజినీరింగ్ చదవని వాళ్లకి దారి లేదా అంటే ఉంది. బ్రిటన్ ఆయిల్ కంపెనీ బీపీలో పన్నుల విభాగం చూసిన కేట్ థామ్సన్ 2024లో అక్కడే సీఎఫ్ఓ, అంటే ఆర్థిక వ్యవహారాల అధిపతి అయ్యారు. 2014లో హెచ్‌పీసీఎల్ పగ్గాలు పట్టిన నిశి వాసుదేవ మార్కెటింగ్ డైరెక్టర్‌గా చేసినవారు, మన విశాఖ రిఫైనరీ ఆ కంపెనీదే. హెచ్ఆర్ నుంచి వచ్చిన అల్కా మిట్టల్ 2022 జనవరిలో అదనపు బాధ్యతగానైనా ఓఎన్‌జీసీని నడిపిన మొదటి మహిళ. సీఏ అయినా లా అయినా, ఏడాదికి కొన్ని వారాలైనా సైట్ మీద ఉండేలా చూసుకోండి.

అంతర్జాతీయ పని కావాలంటే కాంట్రాక్టులు చదవడం మొదలుపెట్టండి. మన కాకినాడ ఎదురుగా సముద్రంలో ఉన్న గ్యాస్ బ్లాకు కేజీ-డీ6లోనే 2011లో బీపీ 30 శాతం వాటా కొంది. అలాంటి బ్లాకుల్లో ఖర్చు ముందు రాబట్టుకోవడం, మిగిలిన లాభంలో ప్రభుత్వానికి వాటా ఇవ్వడం ఎలా రాస్తారో, ఏ మాట దగ్గర గొడవలొస్తాయో చూడండి, ప్రభుత్వం విడుదల చేసిన నమూనా ఒప్పందాలు ఎవరైనా చదువుకోవచ్చు. గ్యాస్ వైపు వెళ్తే ఎల్‌ఎన్‌జీ, అంటే ద్రవంగా మార్చిన గ్యాస్. గ్యాస్‌ని మైనస్ 162 డిగ్రీలకి చల్లబరిస్తే పరిమాణం సుమారు 600వ వంతుకి తగ్గి ఓడలో పట్టేంత అవుతుంది. దాన్ని కొనే ఒప్పందాలు చాలావరకు ఇరవై, పాతికేళ్లవి, సరుకు తీసుకోకపోయినా డబ్బు కట్టాలనే షరతుతో ఉంటాయి. మన దేశానికి ఎల్‌ఎన్‌జీ దిగుమతి చేసే పెట్రోనెట్ ఖతార్ కంపెనీతో అలాంటి ఒప్పందం చేసుకుంది. మార్కెట్ ధర పడిపోయాక 2015లో మళ్లీ కూర్చుని ధర ఫార్ములా మార్పించుకుంది, తక్కువ తీసుకున్నందుకు పెనాల్టీ లేకుండా చేసుకుంది, బదులుగా ఏడాదికి ఇంకో 10 లక్షల టన్నులు కొంటామంది. 2024లో ఆ ఒప్పందాన్ని 2048 దాకా పొడిగించారు. అవతలి వాళ్లకి ఏది ముఖ్యమో కనిపెట్టి అది ఇచ్చి, మనకి కావాల్సింది తెచ్చుకోవడం ఎలాగో దీన్ని చదివితే తెలుస్తుంది.

అప్పుల సంగతి కూడా నేర్చుకోవాలి, ఇంజినీర్లు దీన్ని వదిలేస్తారు. హోలబ్ 2019లో చెవ్రాన్‌తో పోటీపడి అనడార్కో అనే ఆయిల్ కంపెనీని సుమారు 3,800 కోట్ల డాలర్లకి కొన్నారు. అందుకోసం ఇన్వెస్టర్ వారెన్ బఫెట్ దగ్గర 1,000 కోట్ల డాలర్లు ఏడాదికి 8 శాతం డివిడెండ్ మీద తెచ్చారు. కొన్ని నెలలకే కోవిడ్. 2020 ఏప్రిల్ 20న అమెరికా క్రూడ్ ఫ్యూచర్స్ (ముందస్తు ఒప్పందాల) ధర మైనస్ 37 డాలర్ల కిందికి పోయింది. ఆక్సిడెంటల్ మూడు నెలలకోసారి షేరుకి పంచే 79 సెంట్ల డివిడెండ్‌ని ముందు 11కి, తర్వాత 1 సెంటుకి కోశారు. ఆమెని దింపేయాలని పెద్ద షేర్‌హోల్డర్ ఒకాయన గట్టిగా పట్టుబట్టారు. ఆమె నిలబడ్డారు, ధరలు పెరిగాక అప్పులు చాలావరకు తీర్చారు. 2019 నుంచి మూడేళ్ల ఆక్సిడెంటల్ వార్షిక నివేదికలు పక్కపక్కన పెట్టుకుని, అప్పు ఏ ఏడాది ఎంత కట్టాలో చూపే పట్టిక చదవండి. నేనైతే ఏ ఎంబీఏ క్లాసుకన్నా దాన్నే ముందు చదవమంటాను.

ఇంటి సంగతి. సముద్రం మీద పని చాలాచోట్ల 28 రోజులు పని, 28 రోజులు ఇల్లు. ఇది పెళ్లిచూపుల్లోనే చెప్పేయండి, తర్వాత సర్దుకుంటారులే అనుకోవద్దు. విదేశంలో పోస్టింగ్ వస్తే ఆయన ఉద్యోగం ఏమవుతుంది, ఆ దేశంలో భర్తకి పనిచేసే వీసా ఇస్తారా, పిల్లల స్కూలు ఫీజు కంపెనీ కడుతుందా, ఇవి ఆఫర్ మీద సంతకం పెట్టకముందే రాతలో తీసుకోండి. నేను ఒక పోస్టింగ్‌కి నోటిమాట నమ్మి వెళ్లి, ఏడాది ఫీజులు సొంత డబ్బుతో కట్టాను.

మా అమ్మాయి ఫీల్డ్ ఉద్యోగానికే ఒప్పుకుంది. బావగారికి ఇంకా టెన్షన్ తగ్గలేదు, ఆదివారం వెళ్లి రిగ్ మీద రూములెలా ఉంటాయో, తలుపు లోపలి గడియ ఎలా ఉంటుందో, ఎమర్జెన్సీలో ఎవరికి ఫోన్ చేయాలో ఫొటోలతో చూపించి వస్తాను. దానికి మాత్రం ఒక పని చెప్పాను: కవరాల్, బూట్లు, గ్లోవ్స్ సైజులు ఈ వారమే కంపెనీకి మెయిల్ చెయ్యి, ఆడవాళ్ల కొలతల్లోనే కావాలని రాయి. నాకు మొదటి ఏడాది మగవాళ్ల గ్లోవ్స్ ఇచ్చారు, వేళ్ల చివర అంగుళం ఖాళీ ఉండేది, తిరిగే మిషను దగ్గర ఆ అంగుళం చాలు చెయ్యి లోపలికి లాగేయడానికి.