స్టార్టర్ సోలెనాయిడ్‌ను మల్టీమీటరుతో పరీక్షించడం

తాళం తిప్పినప్పుడు ‘టక్’మనే చప్పుడు వచ్చి ఇంజన్ తిరగకపోతే సోలెనాయిడ్‌ను, అంటే స్టార్టర్ మోటారుకు కరెంటు అందించే స్విచ్చును, అనుమానించవచ్చు, అయితే ముందు బ్యాటరీని చూడాలి, ఎందుకంటే చాలాసార్లు లోపం అక్కడే దొరుకుతుంది. 12 వోల్టుల బ్యాటరీ వాడకంలో లేనప్పుడు కనీసం 12.4 వోల్టులు చూపాలి.

గేరును న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, మీటరును డీసీ 20 వోల్టులకు తిప్పండి. మరొకరు తాళాన్ని స్టార్టులో పట్టుకొని ఉండగా, సోలెనాయిడ్ మీద సన్నని తీగ వచ్చే టెర్మినల్‌కు ఎర్ర ప్రోబును, బ్యాటరీ నెగటివ్‌కు నల్ల ప్రోబును ఆనించండి. సుమారు 10 వోల్టులైనా రాకపోతే సోలెనాయిడ్‌ను వదిలి ఇగ్నిషన్ స్విచ్చినీ, రిలేనూ, వైరింగునూ పరీక్షించాలి.

వోల్టేజీ వస్తుంటే ప్రోబులను సోలెనాయిడ్ మీది రెండు లావు బోల్టులకు ఆనించండి. తాళం తిప్పకముందు అక్కడ 12 వోల్టులు కనిపించడం సహజమే. టక్‌మన్నాక కూడా ఆ అంకె 0.3 వరకు పడిపోకపోతే లోపలి రాగి కాంటాక్టులు కాలి నల్లబడ్డాయని తేల్చవచ్చు. స్క్రూడ్రైవరుతో ఆ బోల్టులను కలిపి చూసే మెకానిక్కులున్నారు గాని, వందల ఆంపియర్లు ప్రవహించే చోట అది ప్రమాదకరం.