పంపు తిరుగుతోంది, వోర్ట్ రావట్లేదు: ఒకే పాత్ర బ్రూయింగ్‌లో సమస్యలు - పరిష్కారాలు

"అన్నా, పంపు పోయింది. కొత్తది ఆర్డర్ పెట్టేశా." శనివారం పొద్దున్నే ఒక తమ్ముడి ఫోన్. పంపు పోలేదు. ఇలాంటి ఫోన్ ఎవరు చేసినా నేను ముందు ఒకటే అడుగుతాను: మాల్ట్ సంచి కింద వోర్ట్ మట్టం ఎంతుంది? ఒకే పాత్రలో బీరు కాచే ఈ సిస్టమ్‌లో సగం గొడవలు అక్కడే తేలిపోతాయి. మనవాళ్లేమో ముందు వేడిని అదుపు చేసే కంట్రోలర్ బటన్లు నొక్కడం మొదలుపెడతారు.

ఒహాయోలో మా బేస్‌మెంట్‌లో ఉన్నది 15 గాలన్ల స్టీల్ కెటిల్, అంటే దాదాపు 57 లీటర్లు. అడుగున 5500 వాట్ల హీటర్, దాని మీద చిల్లుల పళ్లెం, ఆపైన మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజ) రవ్వ పోసిన సంచి. పంపు అడుగు నుంచి వోర్ట్‌ని, అంటే మాల్ట్ తీపి దిగిన నీళ్లని, లాగి పైనుంచి రవ్వ మీద పోస్తూ ఉంటుంది. గంటయ్యాక సంచి పైకెత్తేసి అదే పాత్రలో మరిగిస్తాం. ఇక్కడ ఇంట్లో బీరు కాచుకోవడం 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టం పుణ్యమా అని ఫెడరల్ లెక్కలో ఓకే. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్ల వరకు పన్ను లేదు. ఆంధ్రా, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజ్ కేసే, కాబట్టి ఊరెళ్లినప్పుడు ఈ సరదా వద్దు.

రవ్వ మీద వోర్ట్ నిలిచిపోయింది, కింద ఖాళీ అవుతోంది

అసలు సమస్య ఇదే. పైన చెరువులా నిలబడుతుంది, కింద పంపు గుటగుటమంటుంది, సంచి పళ్లేనికి అతుక్కుపోయి ఉంటుంది. రవ్వలోంచి దిగే వేగం కన్నా పంపు లాగే వేగం ఎక్కువైంది. లాగేకొద్దీ రవ్వ ఇంకా గట్టిగా అణిగిపోతుంది, దాంతో ఇంకా తక్కువ దిగుతుంది. ఆ తమ్ముడి కెటిల్‌లో జరిగింది ఇదే. హీటర్ నీళ్లలోంచి బయటపడి ఎండగా కాలితే దాని పని అయిపోయినట్టే.

వెంటనే చేయాల్సింది: ముందు హీటర్ ఆపండి, తర్వాత పంపు. ఈ వరస తప్పొద్దు. పొడవాటి గరిటెతో రవ్వని అడుగు దాకా కలపండి, సంచిని ఒక అంగుళం పైకి లాగి వదలండి. పది నిమిషాలు ఆగి, పంపు బయటికి తోసే వైపు వాల్వుని పావు వంతు మాత్రమే తెరిచి మళ్లీ మొదలుపెట్టండి. పంపు లోపలికి తీసుకునే వైపు వాల్వు ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉండాలి. అటువైపు బిగిస్తే పంపులో ఆవిరి బుడగలు పుడతాయి.

ఇది పదేపదే జరుగుతుంటే మర మీద కన్నేయండి. మాల్ట్ ఇడ్లీ రవ్వలా సన్నగా పడితే ఇంతే సంగతి. గింజ మూడు నాలుగు ముక్కలై, పొట్టు మాత్రం చిరగకుండా ఉండాలి. గోధుమ మాల్ట్ ఎక్కువ వేసే రోజు గుప్పెళ్ల కొద్దీ వరి ఊక కలుపుతాను. మన దగ్గర ఇటుక బట్టీలకి బస్తాల్లో పోయే ఊకని ఇక్కడ పౌండ్ల లెక్కన కొంటున్నానని చెబితే మా నాన్న నమ్మలేదు.

కెటిల్ పక్కన గాజు గొట్టం ఉంటే, పంపు ఆన్ చేయగానే అందులో మట్టం కొంచెం పడడం మామూలే. పడి ఆగిపోతే భయం లేదు. ఆగకుండా పడుతూనే ఉంటే పరిగెత్తండి.

మట్టం బాగానే ఉంది, అయినా పంపు ఊరికే మూలుగుతోంది

గాలి పట్టింది. పొలంలో మోటారుకి నీళ్లు పోసి ఆన్ చేయడం చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. మాగ్నెట్ పంపులు తమంతట తాము నీళ్లు లాక్కోలేవు. పంపు కెటిల్ అవుట్‌లెట్ కన్నా కిందే ఉండాలి, మధ్యలో గొట్టం ఎక్కడా పైకి వంకర తిరగకూడదు. పంపు ఆపి, పైకి వెళ్లే గొట్టాన్ని కెటిల్ మట్టం కన్నా కిందికి దించి వాల్వు తెరవండి. బుడగలు పోయి ధార సన్నగా మొదలయ్యాక ఆన్ చేయండి. వోర్ట్ వేడిగా ఉంటుంది, చేతికి గ్లవ్స్ వేసుకోండి.

స్క్రీన్ మీద 67 డిగ్రీల సెల్సియస్, రవ్వలో 62

కంట్రోలర్ అబద్ధం చెప్పట్లేదు. సెన్సర్ ఎక్కడుందో అక్కడి సంగతి చెబుతోంది, అంతే. హీటర్ పక్కన ఉంటే అప్పుడే కాగిన వోర్ట్‌ని చూస్తుంది, ఆ వేడి రవ్వ మధ్యకి చేరడానికి టైమ్ పడుతుంది. సెన్సర్‌ని పంపు తర్వాత, ధార తగిలే చోట T ఆకారపు ఫిట్టింగ్‌లో పెట్టండి. మాల్ట్ పోశాక మొదటి పావుగంటలో రెండు మూడు సార్లు కలపండి. ఆ తర్వాత కూడా మూడు డిగ్రీలకి మించి తేడా ఉంటే ధార సరిపోవట్లేదని.

మీరు పెట్టిన డిగ్రీలని వేడి దాటి దాటి పోతుంటే వేరే లెక్క. చాలామంది ఆటోట్యూన్‌ని, అంటే కంట్రోలర్ తనంతట తాను సెట్ అయ్యే పనిని, పంపు ఆపేసి, పది లీటర్ల నీళ్లతో చేసేస్తారు. బ్రూ చేసే రోజు ఎంత నీళ్లు పోస్తారో అంతే పోసి, పంపు తిరుగుతుండగా మళ్లీ చేయండి. మాష్‌లో, అంటే రవ్వ వేడి నీళ్లలో నానే ఆ గంటలో, నేను హీటర్‌ని 40 శాతం పవర్ దాటనివ్వను.

బీరుకి మాడు వాసన

పాలు అడుగంటినట్టే వోర్ట్ కూడా అంటుకుంటుంది. నా గోధుమ బీరు ఒకటి మొత్తం సింకులో పోశాను. కెటిల్ ఖాళీ చేసి చూస్తే హీటర్ వంపు మీద పెనానికి పట్టేసిన అట్టులా నల్లటి పొర. వేలితో గీకితే ఊడలేదు. తప్పు నాదే. మాల్ట్ పోయగానే వేడి తగ్గింది, కంట్రోలర్ ఫుల్ పవర్ ఇచ్చింది, ధారేమో సన్నగా ఉంది, కిందికి దిగిన పిండి హీటర్ మీద కూర్చుంది. ఇప్పుడు మాల్ట్ పోశాక హీటర్ లేకుండా పది నిమిషాలు పంపు నడిపి, ధార కొంచెం తేటపడ్డాకే హీటర్ వేస్తున్నాను. హీటర్ కొనేటప్పుడు వాట్ డెన్సిటీ అతి తక్కువ ఉన్నది, అంటే పొడవుగా మడతలు తిరిగినది తీసుకోండి.

ఎంతసేపటికీ కాగట్లేదు

240 వోల్టుల హీటర్‌ని మామూలు 120 వోల్టుల ప్లగ్‌కి పెట్టారేమో చూడండి. వోల్టేజీ సగమైతే పవర్ పావు వంతు అవుతుంది, అంటే 5500 వాట్లు కాస్తా 1375. 30 లీటర్లు 20 నుంచి 67 డిగ్రీలకి రావడానికి 18 నిమిషాలు చాలాల్సింది గంటా పది పట్టేస్తుంది.

కంట్రోలర్ ఆఫ్ అంటోంది, వేడి పెరుగుతూనే ఉంది

రిలే, అంటే కంట్రోలర్ చెప్పినట్టు హీటర్‌ని ఆన్-ఆఫ్ చేసే స్విచ్చు, షార్ట్ అయింది. సాలిడ్ స్టేట్ రిలే చెడిపోతే చాలాసార్లు ఆన్‌లోనే ఉండిపోతుంది. 23 ఆంపియర్లు లాగేటప్పుడు రిలే దగ్గరే పాతిక వాట్ల దాకా వేడి పుడుతుంది, మూసేసిన డబ్బాలో హీట్ సింక్ లేకుండా పెడితే అది బతకదు. హీటర్ లైన్‌ని పూర్తిగా తెంపే స్విచ్చు లేదా కాంటాక్టర్ ఒకటి విడిగా ఉండి తీరాలి. ఇక జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే లైన్ ఆపేసే రక్షణ స్విచ్చు) ట్రిప్ అవుతుంటే దాన్ని తీసేసి నడిపే తెలివితేటలు వద్దు. హీటర్ వెనక డబ్బా విప్పి తడి ఉందేమో చూడండి. ఓ-రింగ్ (రబ్బరు వాషర్) పక్క నుంచి కారే ఒక్కో చుక్క అక్కడికే చేరుతుంది. వైరింగ్ మీద అనుమానం ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

అన్నీ సవ్యంగా ఉన్నా గ్రావిటీ (వోర్ట్‌లో తీపి సాంద్రత) తక్కువొచ్చింది

సంచి గోడకి ఆనకుండా వదులుగా ఉంటే వోర్ట్ రవ్వలోంచి దిగకుండా పక్క సందులోంచి జారిపోతుంది. పైకి చూడ్డానికి ధార బ్రహ్మాండంగా ఉంటుంది. కెటిల్ కొలతకి కుట్టిన సంచి వాడండి, గొట్టం మూతిని మధ్యలో కాకుండా గుండ్రంగా తిప్పి రవ్వంతా తడిచేలా పెట్టండి. అప్పటికీ రాకపోతే మర సందుని ఒక్క గీత తగ్గించండి, ఒక్కటే. రెండు తగ్గిస్తే మళ్లీ మొదటి సమస్య దగ్గరికే వస్తారు.