వడ్ల సీజన్ మొదలయ్యేలోపు మిల్లు సాఫ్ట్‌వేర్ లాగ్‌లను సరిచేసుకోండి

దసరా దాటిందంటే కోత మిషన్లు పొలాల్లోకి దిగుతాయి. సాగర్ ఎడమ కాల్వ కింద హుజూర్‌నగర్, నేరేడుచర్ల, వేములపల్లి, దామరచర్ల నుంచి పచ్చి వడ్ల ట్రాక్టర్లు మిర్యాలగూడ మిల్లుల ముందు బారులు తీరుతాయి. పచ్చి వడ్లు ట్రాలీలోనే రాత్రంతా ఉండిపోతే ఉడుకెత్తుతాయి, రంగు మారుతాయి. రేటు కోసేది రైతుకే. అందుకే ఆ రోజుల్లో కాంటా దగ్గర తూకం చిట్టీ ఆగకూడదు. మిల్లుల కాంటా సాఫ్ట్‌వేర్ చూసుకునే పని నాది. సీజన్‌కు నెల ముందే నేను మొదట తెరిచి చూసేది తూకాల టేబుల్ కాదు, లాగ్ టేబుల్, అంటే ప్రోగ్రాం తాను చేసిన పనులనూ వచ్చిన ఎర్రర్లనూ రాసుకునే చోటు.

ఎందుకో చెబుతాను. కొన్నేళ్ల కింద ఒక మిల్లు నుంచి రాత్రి పదకొండు దాటాక ఫోన్ వచ్చింది. "అన్నా, సేవ్ కొడితే ఎర్రగ ఏదో వస్తున్నది, చిట్టీ రాట్లే. బయట ట్రాక్టర్లు రోడ్డు దాక ఉన్నయ్" అన్నాడు ఆపరేటర్ తమ్ముడు. డేటాబేస్ నిండిపోయిందని తేలింది. అది మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే డేటాబేస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్. 2008 ఆర్2 నుంచి 2022 వెర్షన్ దాకా ఈ ఉచిత ఎడిషన్‌లో ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీయే హద్దు. తూకాల డేటా అంతా కలిపినా ఒక జీబీ లేదు. మిగతాదంతా లాగ్ టేబులే.

కాంటా మీటరు సీరియల్ కేబుల్ ద్వారా తూకాన్ని ఆగకుండా పంపుతూనే ఉంటుంది. ఏదో సమస్య వెతకడానికి అంతకు ముందు నెలలో నేనే డీబగ్ లెవెల్ (ప్రతి చిన్న సంగతినీ లాగ్‌లో రాయించే సెట్టింగ్) ఆన్ చేశాను, తర్వాత ఆపడం మరిచాను. సెకనుకు పది రీడింగులు, రీడింగుకో వరుస. రోజుకు 8,64,000 వరుసలు. వరుసకు 500 బైట్లు వేసుకున్నా రోజుకు 430 ఎంబీ పైనే. ఇరవై మూడు, ఇరవై నాలుగు రోజుల్లో 10 జీబీ నిండుతుంది. లెక్క అంత తేలిక, అయినా ముందు ఎవరం వేసుకోలేదు.

ఆ హడావుడిలో పాత వరుసలన్నీ ఒక్క డిలీట్‌తో తీసేయబోయాను. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఒకే స్టేట్‌మెంట్ సుమారు 5,000 లాక్‌లు (ఆ పని అయ్యేదాకా ఇతరులు ముట్టకుండా వేసే తాళాలు) దాటితే, వరుసల మీది లాక్ మొత్తం టేబుల్ మీదికి పాకుతుంది. ప్రతి చిట్టీ ముందుగా లాగ్ టేబుల్‌లో ఒక వరుస రాశాకే కదిలేలా ప్రోగ్రాం ఉంది. కాబట్టి కొంచెం చోటు దొరికినా చిట్టీలు ఆ లాక్ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాయి. చివరికి డిలీట్ ఆపి, టేబుల్‌ను ట్రంకేట్ చేశాక, అంటే ఒక్కసారిగా మొత్తం ఖాళీ చేశాక, కాంటా కదిలింది. నాలుగు రోజుల తర్వాత ఒక పెద్దమనిషి చిట్టీ పట్టుకొని వచ్చాడు. ఖాళీ ట్రాలీ తూకం రెండుసార్లు పడిందని, రెండోది ఎక్కువ చూపించి తన వడ్ల తూకం తగ్గించారని ఆయన మాట. ఆయన చెప్పింది నిజమో కాదో తేల్చేందుకు నా చేతిలో ఒక్క వరుస కూడా మిగల్లేదు. ఆయన ముఖం నాకు ఇంకా గుర్తుంది.

కాబట్టి మొదటి జాగ్రత్త: లాగ్‌ను తూకాల డేటాబేస్‌లో పెట్టకండి. అదే మెషీన్‌లో అయినా సరే, వేరే డేటాబేస్ చేయండి. లాగ్ నిండితే లాగ్ మాత్రమే ఆగాలి. కనెక్షన్ స్ట్రింగ్ (ఏ డేటాబేస్‌కు ఎలా కలవాలో ప్రోగ్రాంకు చెప్పే వాక్యం) కూడా వేరుగా ఉండాలి. మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో రాసిన ప్రోగ్రాంలలో కనెక్షన్ పూల్‌కు (తెరిచి ఉంచి మళ్లీ మళ్లీ వాడుకునే కనెక్షన్ల గుంపుకు) మామూలుగా 100 హద్దు ఉంటుంది. రెండూ ఒకే పూల్ వాడితే, లాగ్ రాతలు మెల్లబడ్డ రోజు చిట్టీలకు కనెక్షన్లు దొరకవు.

రెండోది ఇంకా ముఖ్యం, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ట్రాన్సాక్షన్ అంటే అన్నీ కలిసి జరిగే, లేదంటే ఏదీ జరగని పనుల కట్ట. తూకం సేవ్ చేసే ట్రాన్సాక్షన్‌లోనే లాగ్ రాస్తే, ఎర్రర్ వచ్చి రోల్‌బ్యాక్ అయినప్పుడు (చేసిందంతా వెనక్కి పోయినప్పుడు) ఆ ఎర్రర్ గురించిన వరుస కూడా దాంతోపాటే పోతుంది. సరిగ్గా అక్కరకొచ్చే వరుసే మాయమవుతుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఇంకో మెలిక ఉంది. ట్రాన్సాక్షన్‌లో ఒక ఎర్రర్ వచ్చాక, రోల్‌బ్యాక్ చేసేదాకా అందులో వేరే ఏ కమాండ్‌నూ అది ఒప్పుకోదు. కాబట్టి లాగ్‌కు వేరే కనెక్షన్, వేరే ట్రాన్సాక్షన్ కావాలి. డాట్‌నెట్‌లో ట్రాన్సాక్షన్‌స్కోప్ (కొన్ని పనులను ఒకే ట్రాన్సాక్షన్‌లో చుట్టే సౌకర్యం) వాడే వాళ్లు ఇంకో మాట గమనించండి. స్కోప్ లోపల తెరిచిన కొత్త కనెక్షన్ కూడా దానంతట అదే ఆ ట్రాన్సాక్షన్‌లో చేరిపోతుంది. అలా చేరకుండా లాగ్ కనెక్షన్ స్ట్రింగ్‌లో ఎన్‌లిస్ట్ అనే సెట్టింగ్‌ను ఫాల్స్ చేయండి.

అయితే ఒక తేడా మనసులో పెట్టుకోవాలి. ఎవరు ఏ తూకం మార్చారు, తరుగు ఎంత వేశారు, తేమ 17 శాతం దాటిందని ఎవరు నమోదు చేశారు అనేవి లాగ్‌లు కావు, లెక్కలు. అవి ఆడిట్ టేబుల్‌లో ఉండాలి, తూకంతోపాటు అదే ట్రాన్సాక్షన్‌లో పడాలి. తూకం మారి ఆడిట్ వరుస పడకపోతే ఆ మార్పే చెల్లకూడదు. ఆ పెద్దమనిషికి కావలసింది అదే. ఆ రెండూ ఒకే టేబుల్‌లో కలిపి పెట్టడం వల్లే ట్రంకేట్‌తో ఆయన సాక్ష్యం కూడా పోయింది.

చిట్టీ లాగ్ కోసం ఎదురుచూడకూడదు. లాగ్ వరుసలను మెమరీలో ఒక క్యూలో వేసి, వెనక వేరే థ్రెడ్ (ప్రోగ్రాంలో పక్కన నడిచే ఇంకో పని) యాభయ్యో వందో కలిపి ఒకేసారి రాయాలి. క్యూకు హద్దు తప్పనిసరి. నిండితే డీబగ్, ఇన్ఫో (మామూలు సమాచారం) వరుసలు వదిలేసి ఎర్రర్లను లోకల్ ఫైలులోకి మళ్లించాలి. కరెంటు పోయిందంటే మెమరీలో ఉన్నదంతా పోతుందని గుర్తుంచుకోండి. లాగ్‌ఫోర్‌నెట్ అనే డాట్‌నెట్ లాగ్ లైబ్రరీలో డేటాబేస్‌కు రాసే భాగం ఉంది, దాన్ని అపెండర్ అంటారు. ఆ అపెండర్‌లో బఫర్ సైజు (రాసేముందు మెమరీలో ఆపుకునే సంఘటనల సంఖ్య) మార్చకుండా వదిలేస్తే 512. అంటే చివరి 512 సంఘటనల వరకు గాలిలోనే ఉండొచ్చు. ఎర్రర్ రాగానే బఫర్ ఖాళీ అయ్యేలా ఇవాల్యుయేటర్ అనే సెట్టింగ్ పెట్టండి. అదే అపెండర్‌లో డేటాబేస్ కనెక్షన్ ఒకసారి తెగితే మళ్లీ కలిపే సెట్టింగ్ మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. సర్వర్ ఒక్కసారి రీస్టార్ట్ అయితే చాలు, ఆ తర్వాత లాగ్‌లు నిశ్శబ్దంగా ఆగిపోతాయి, వారం దాకా ఎవరికీ తెలియదు. దాన్ని ట్రూ చేయండి. లాగ్ రాయలేకపోయిన ఎర్రర్‌ను మళ్లీ డేటాబేస్‌కే పంపితే అది తిరుగుతూనే ఉంటుంది, దాని చోటు ఫైలే.

తెలుగు పేర్ల సంగతి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మామూలు వార్‌చార్ రకం కాలమ్‌లో రైతు పేరు తెలుగులో రాస్తే ప్రశ్నార్థకాల వరుస మిగులుతుంది. అన్ని భాషలూ పట్టే ఎన్‌వార్‌చార్ రకం పెట్టండి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ అయితే యూటీఎఫ్8ఎంబీ4 అనే అక్షరాల సెట్టింగ్. యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడింగ్‌లో ఒక్కో తెలుగు కోడ్‌కు మూడు బైట్లు. "క్ష్మి" అన్నది మనకు ఒకే అక్షరంలా కనిపించినా లోపల ఆరు కోడ్‌లు, 18 బైట్లు. కాలమ్ పొడవు బిగించి పెడితే పొడవాటి ఎర్రర్ మెసేజ్ పట్టక ఇన్‌సర్ట్ ఫెయిలవుతుంది. ఒకే కమాండ్‌లో వంద వరుసలు పంపితే ఆ వందా పోతాయి. మెసేజ్‌ను రాసే ముందే ప్రోగ్రాంలో కత్తిరించండి.

పాతవి తీసేయడం సీజన్‌లో చేసే పని కాదు. రోజుకో వారానికో ఒక పార్టిషన్ (టేబుల్‌లో విడిగా తీసేయగల ముక్క) ముందే చేసి పెట్టుకుంటే, పాతదాన్ని డ్రాప్ చేయడం క్షణాల్లో అయిపోతుంది. పోస్ట్‌గ్రెస్ 10 నుంచి ఈ సౌకర్యం నేరుగా ఉంది. పార్టిషన్లు లేకపోతే రాత్రి కాంటా ఆగాక వెయ్యి వెయ్యిగా డిలీట్ చేయండి. పోస్ట్‌గ్రెస్, ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ వాడే నిల్వ పద్ధతి) రెండింటిలోనూ డిలీట్ చేసినంత మాత్రాన డిస్క్ మీద ఫైలు చిన్నది కాదని కూడా తెలిసి ఉండాలి.

వేగంగా వెతకడానికి ఇండెక్స్‌లు రెండు చాలు, సమయం మీద ఒకటి, చిట్టీ నంబరు మీద ఒకటి. సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాయండి, చూపేటప్పుడు ఐదున్నర గంటలు కలపండి. వరుసలను పారామీటర్లతోనే (విలువలను కమాండ్‌లో కలిపేయకుండా విడిగా ఇచ్చి) పంపండి, మెసేజ్‌లో ఒక కొటేషన్ గుర్తు వచ్చినా ఇన్‌సర్ట్ విరగకూడదు.

ఇంకొకటి, దీనిలో నేను రాజీపడను. రైతు ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు లాగ్‌లోకి రాకూడదు. చెల్లింపు ఎర్రర్ వచ్చినప్పుడు ప్రోగ్రాం మొత్తం రికార్డును మెసేజ్‌లో కుమ్మరించడం మామూలు. తూకాల టేబుల్‌కు తాళం వేసి లాగ్ టేబుల్‌ను తెరిచి పెట్టిన మిల్లులు చూశాను. చివరి నాలుగు అంకెలు చాలు. వెతకడానికి చిట్టీ నంబరు ఉంది కదా.

ఇవన్నీ అయ్యాక సీజన్‌కు పది రోజుల ముందు ఒక సాయంత్రం కాంటా ఖాళీగా ఉన్నప్పుడు మిల్లుకు వెళ్లండి. లాగ్ డేటాబేస్ ఆపేయండి. ఆపరేటర్ తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టి పది చిట్టీలు కొట్టించండి. పదీ ప్రింటు కావాలి. లాగ్ డేటాబేస్ తిరిగి ఆన్ చేశాక, ఆపి ఉంచిన సమయంలోని ఎర్రర్లు లోకల్ ఫైలులో కనిపించాలి, కొత్త చిట్టీకి టేబుల్‌లో వరుస పడాలి. ఒక తూకం మార్చి, సేవ్ మధ్యలో ప్రోగ్రాంను బలవంతంగా మూసేయండి. అప్పుడు కొత్త తూకమూ దాని ఆడిట్ వరుసా రెండూ ఉండాలి, లేదంటే రెండూ ఉండకూడదు. డీబగ్ లెవెల్ ఆఫ్‌లో ఉందో లేదో మరోసారి చూసి, ఆ సంగతి కాంటా గదిలో కాయితం మీద తేదీతో రాసి అంటించి రండి.